జావా ఆగిన చోటు

పంజాగుట్ట,
4 నవంబరు 2024

తమ్ముడు విజయేందర్‌కు,

మొన్న ఫోనులో నేను పది మాటలు చెబితే నీకు రెండు వినపడ్డాయి. ఆ రెండూ తప్పుగా వినపడ్డాయి. గోడ పోయిందంటే మేడ పోయిందనుకుని మా మరదలు అనుపమను కంగారు పెట్టావట. మేడ బాగానే ఉంది. పోయింది ప్రహరీ. ఇక నీతో ఫోను మాటలు కుదరవని కాగితం తీసుకున్నాను. నా చేతిరాత నీకు చిన్నప్పటినుంచీ అలవాటే కదా.

రోడ్డు వెడల్పు చేస్తూ మా వరసలో అందరి గోడలూ తీసేశారు. ఇంకో నాలుగడుగులు పోతాయో పోవో తేలేదాకా కొత్తది కట్టుకోకూడదట. అరుగు మీద ఎర్రరంగుతో గీత గీసి వెళ్ళారు. ఇప్పుడు మా వాకిలికీ రోడ్డుకీ మధ్య పదడుగుల మట్టి తప్ప ఏమీ లేదు. కుర్చీ వేసుకుని కూర్చుంటే స్కూటరు మీద పోయేవాళ్ళు నన్ను అడ్రసులు అడుగుతున్నారు.

అడ్రసులు చెప్పడం కష్టం కాదు. జావాతోనే వచ్చింది తంటా. నువ్వు దాన్ని ఒకసారి చూశావు, గోధుమరంగు ఊరకుక్క, ఎడమ చెవి మడత పడి ఉంటుంది. అమీర్‌పేటలో మీ బావ జిరాక్స్ షాపు మెట్ల కింద పుట్టింది. జావా అనే కంప్యూటరు కోర్సు నోట్సు కట్టల మీద పడుకునేదని కోచింగ్ పిల్లలు ఆ పేరు పెట్టారు. రెండేళ్ళ కిందట షాపు ఇచ్చేసి వచ్చేటప్పుడు మేము తెచ్చుకున్నది దాన్నీ, ఒక స్టూలునూ.

గోడ ఉన్నన్నాళ్ళూ బుద్ధిగా ఉంది. ఇప్పుడు పార్సిళ్ళు తెచ్చే బండి కనపడితే చాలు, రోడ్డు మీదికి ఉరుకుతుంది. ఎదురు అపార్టుమెంటు రెండో అంతస్తులో ఉండే ఉదయలక్ష్మి, బెజవాడ వాళ్ళు, మంచిదే పాపం, నిన్న వచ్చి చెప్పింది: "ఏంటాంటీ, మా రిషి స్కూల్ వ్యాన్ దిగాలంటే ఏడుస్తున్నాడు. కట్టేసుకోవచ్చు కదా." కట్టేస్తే మీ బావ విప్పేస్తారు. "గొలుసెందుకే స్వరాజ్యం, అదేమన్న దొంగతనం చేసిందా?" అంటారు. సాయంత్రం నాలుగింటికి ఆయన నడకకు పోతారు, అది వెంట పోతుంది. చీకటి పడకముందే ఇద్దరూ వస్తారు. నాకు ఆ రెండు గంటలే కాస్త తీరిక.

కరెంటు డిపార్టుమెంటులో ముప్ఫై నాలుగేళ్ళు చేసినవాడివి. గోడ లేకుండా కుక్కను ఆపే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పు.

మీ అక్క,
స్వరాజ్యం


నిజామాబాదు,
12 నవంబరు 2024

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. మేడ కూలలేదని రాతపూర్వకంగా తెలిసింది, సంతోషం. చెవి మిషను పెట్టుకుంటే ఫోను ఈల వేస్తుంది, తీసేస్తే నువ్వు వినపడవు. నువ్వు రాయడమే మేలు.

ఉపాయం ఉంది. ఆర్మూరు దగ్గర ఒక డాక్టరుగారి తోటలో నేనే పెట్టించాను. కనపడని కంచె. వినడానికి వింతగా ఉంటుంది కానీ లోపలి సంగతి తేలిక. ఇంట్లో ప్లగ్గుకు ఒక చిన్న పెట్టె తగిలిస్తాం. దాని నుంచి సన్నటి తీగ బయలుదేరి, స్థలం చుట్టూ రెండంగుళాల లోతున మట్టిలో తిరిగి, మళ్ళీ పెట్టెకే వస్తుంది. ఆ తీగలో మనకు ఒళ్ళు ఝల్లుమనే కరెంటు ఏమీ ఉండదు, చేత్తో పట్టుకోవచ్చు. బలహీనమైన రేడియో సంకేతం తిరుగుతుంటుంది, అంతే. కుక్క మెడ పట్టీకి అగ్గిపెట్టెంత యంత్రం ఉంటుంది. కుక్క తీగ దగ్గరికి వస్తే అది 'బీప్' అంటుంది. అయినా ముందుకు వస్తే, పట్టీ లోపల మెడకు తగిలే రెండు చిన్న మొనల నుంచి చురుక్కుమని ఒక దెబ్బ. నాలుగు రోజులకు కుక్క బీప్ వినగానే వెనక్కి తిరగడం నేర్చుకుంటుంది. తర్వాత దెబ్బ అవసరమే ఉండదు.

ఇంటి నుంచి హద్దు దాకా పోయే రెండు తీగలనూ ఒకదానికొకటి మెలేస్తే ఆ ముక్కలో సంకేతం చచ్చిపోతుంది. అప్పుడు కుక్క వాకిట్లో స్వేచ్ఛగా తిరగవచ్చు. ఈ సంగతి చాలామంది మెకానిక్కులకు తెలియదు.

లోపాలు కూడా చెప్పాలి. బయటి కుక్కలు లోపలికి రాకుండా అది ఆపలేదు. కరెంటు పోతే పెట్టె పనిచేయదు. పట్టీ రోజంతా ఉంచితే మెడ పుండు పడుతుంది, రాత్రి తీసేయాలి. పెట్టుకోవాలా వద్దా అంటే, గోడ కట్టుకోగలిగినవాళ్ళకు నేను వద్దనే చెబుతాను. నీకు గోడ లేదు, రాదు. దెబ్బ ఎంతుంటుందో నా ముంజేతి మీద పెట్టుకుని చూశాను. చీమ కుట్టినట్టు కాదు, తేలు కుట్టినట్టూ కాదు. ఆ మధ్యలో.

బావకు చెప్పు, గొలుసు విప్పడం మానమని. ఆయన జాలి ఎవరి మీదికో బండై వస్తుంది.

నీ తమ్ముడు,
విజయేందర్


పంజాగుట్ట,
21 నవంబరు 2024

విజయ్,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. అంతా విని, "దానికి షాక్ పెడ్తరా? ఏం తప్పు చేసిందని?" అన్నారు. ఆ తర్వాత, "వీడు చిన్నప్పుడు ఇట్ల లేకుండె" అన్నారు. నీ గురించే. బాధపడకు. నీ దరఖాస్తులన్నీ తన టైపు మిషను మీద కొట్టిచ్చిన మనిషి, ఆయనకు ఆ మాట అనే హక్కు ఉంది.

వద్దని రాద్దామనే అనుకున్నాను. ఈలోగా పని జరిగిపోయింది. సోమవారం పొద్దున జావా ఒక డెలివరీ అబ్బాయి బండికి అడ్డం పడింది. అతను కింద పడ్డాడు, మోచేయి చర్మం లేచిపోయింది. నేను పసుపు పెట్టి నీళ్ళిచ్చాను. అతను బండి లేపుకుని వెళ్ళిపోయాడు గానీ కాలనీ సంఘం వాళ్ళు సాయంత్రానికి కాగితం పట్టుకొచ్చారు. నెల లోపల కుక్కను ఆపే ఏర్పాటు చేయాలి, లేదంటే మున్సిపాలిటీ కుక్కల బండి పిలిపించి అప్పగిస్తారట. సంఘం పెద్ద మంచిగానే చెప్పాడు: "అమ్మా, మాకు సుత కుక్కలంటే ఇష్టమే. కాని రేపు పిల్లగానికి ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు?"

జావాను అప్పగించలేను. అది లేకపోతే మీ బావకు తోచదు. అంతకంటే ఏం చెప్పను.

ఆ సరంజామా పంపించు. ఎంతయిందో రాయకు, రాస్తే నేను పంపుతాను, నువ్వు తిప్పి పంపుతావు, పోస్టాఫీసుకు లాభం.

అనుపమ మోకాలు ఎట్లా ఉంది? మెట్లు ఎక్కవద్దని చెప్పు.

స్వరాజ్యం


నిజామాబాదు,
29 నవంబరు 2024

అక్కా,

బస్సు పార్సిల్లో పెట్టె వేశాను, రసీదు దీనితో ఉంది. నీకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఉంటే నేను గీసిన బొమ్మ అతనికి చూపించు. తీగ ఎక్కడా తెగకూడదు, అతుకు వేయాల్సి వస్తే నీళ్ళు తగలకుండా టేపు చుట్టాలి.

అసలు పని తీగ పాతాక మొదలవుతుంది. డబ్బాలో చిన్న తెల్లజెండాలు ఉన్నాయి. హద్దు పొడుగునా గుచ్చు. మొదటి వారం దెబ్బ వద్దు, బీప్ మాత్రమే ఉంచు. తాడు కట్టి జావాను జెండా దాకా నడిపించు. బీప్ రాగానే వెనక్కి లాగి, ఇటు వచ్చాక ఒక బిస్కెట్ ముక్క ఇవ్వు. రోజుకు మూడుసార్లు, పది నిమిషాలు. రెండో వారం దెబ్బ, చిన్న మోతాదు. ఒకసారి కెవ్వుమంటుంది, నువ్వు గుండె దిటవు చేసుకోవాలి. మూడో వారం నుంచి జెండాలు ఒకటి విడిచి ఒకటి తీసేయి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, అంతకంటే వదులైతే మొనలు తగలవు.

ముఖ్యమైన మాట. నేర్పేటప్పుడు ఒక్కరే నేర్పాలి, ఒక్కటే నియమం ఉండాలి. నువ్వు ఆపుతుంటే బావ అదే దారిన బయటికి తీసుకుపోతే కుక్కకు పిచ్చెక్కుతుంది. ఈ మూడు వారాలూ జావాతో నడక బంద్. బావకు గట్టిగా చెప్పు. మొండికేస్తే నా పేరు చెప్పు. వేల మంది పిల్లల పేర్లు, వాళ్ళ కోర్సులు, వాళ్ళ ఊర్లు నోటికి చెప్పిన మనిషికి ఈ చిన్న సంగతి గుర్తుంచుకోవడం కష్టమేమీ కాదు.

విజయేందర్


పంజాగుట్ట,
23 డిసెంబరు 2024

విజయ్,

నీ కంచె పనిచేస్తున్నది. మొదట ఆ మాట రాయాలి.

బుచ్చయ్య అని ఎర్రమంజిల్ నుంచి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నీ బొమ్మ చూసి తల గోక్కున్నాడు. "అమ్మా, ఇంటి సుట్టు తీగ బెట్టి రెండు కొసలు ఒక్క పెట్టెకే ఇస్తే షార్ట్ గాదా?" అన్నాడు. కాదని నువ్వు చెప్పావన్నాను. సాయంత్రానికి తీగ మెలేయడం చూసి, "మస్తు తెలివి ఉన్న మనిషమ్మా మీ తమ్ముడు" అన్నాడు. గర్వపడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. అది నేర్చుకున్నంత తొందరగా నేను కూడా ఏదీ నేర్చుకోలేదు. దెబ్బ రెండేసార్లు తగిలింది. మొదటిసారి అరిచింది. రెండోసారి అరవలేదు, నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు గురించి రాయను. ఇప్పుడు పార్సిలు బండి వస్తే జెండా దాకా ఉరికి, కాళ్ళకు బ్రేకు వేసినట్టు ఆగి, అక్కడినుంచి మొరుగుతున్నది. రిషి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మా ముందునుంచే నడిచిపోయాడు. ఉదయలక్ష్మి గిన్నెనిండా పులిహోర తెచ్చిచ్చింది. సంఘం వాళ్ళు వచ్చి చూసి, "ఇది మాకు సుత పెట్టియ్యాలె" అని నవ్వుకుంటూ పోయారు.

మీ బావను ఈ మూడు వారాలూ నాలుగింటికల్లా లోపలి గదిలో కూర్చోబెట్టి, ముందు తలుపుకు గడియ పెట్టాను. కోపగించుకున్నారు. రెండు రోజులు ఆ తలుపు లాగుతూనే ఉన్నారు.

ఒకటి అడగాలి. ఇప్పుడు ఆయన జావాను వెంటబెట్టుకుని పోవచ్చా? పట్టీ తీసేస్తే అది గీత దాటుతుందా? తొందరగా రాయి. నీకు ఇది చిన్న విషయంలా కనపడవచ్చు.

స్వరాజ్యం


నిజామాబాదు,
31 డిసెంబరు 2024

అక్కా,

చాలా సంతోషం. డాక్టరుగారి కుక్కకు ఆరు వారాలు పట్టింది. జావా చదువుల మధ్య పుట్టింది కాబట్టి ఊరికే పోలేదు.

నడక సంగతి. ఇప్పుడే వద్దు. నేర్చిన పాఠం గట్టిపడాలంటే ఇంకో నెల కావాలి. ఆ తర్వాత పట్టీ తీసేసి, ఎప్పుడూ ఒకే చోటునుంచి, తాడు కట్టి, బిస్కెట్ చూపిస్తూ దాటించాలి. ముందే తొందరపడితే ఇన్నాళ్ళ నీ కష్టం మట్టిలో కలుస్తుంది. కుక్క లేకుండా బావ నెల రోజులు నడవలేరా? లేదా నెల రోజులు ఇంట్లో కూర్చోలేరా? అక్కా, నువ్వు ఆయనను మరీ చిన్నపిల్లాడిని చేస్తున్నావు. తలుపుకు గడియ పెట్టడం ఏమిటి, పెద్దమనిషికి మర్యాదగా చెబితే వింటాడు. ఆ గడియ తీసెయ్.

అనుపమ మోకాలు అట్లాగే ఉంది. రేపటినుంచి కొత్త సంవత్సరం, పాత మోకాలు అంటున్నది.

విజయేందర్


నిజామాబాదు,
27 జనవరి 2025

అక్కా,

నేను వచ్చి పది రోజులకు పైగా నీ దగ్గర ఉన్నాను, మనం పది మాటలు కూడా మాట్లాడుకోలేదు. నువ్వు మెల్లగా మాట్లాడతావు, నాకు వినపడదు. నువ్వు గట్టిగా మాట్లాడితే పక్క గదిలో బావ ఉలిక్కిపడతారు. అందుకే ఇక్కడికి వచ్చి రాస్తున్నాను.

తొమ్మిదో తారీఖున బావ కనపడటం లేదని అనుపమకు ఫోను వచ్చినప్పుడు, షికారుకు పోయి ఎవరితోనో మాట్లాడుతూ నిలబడి ఉంటారనే అనుకున్నాను. వచ్చాక, ఎదురింటి ఉదయలక్ష్మి నా చెవి దగ్గర అరిచి చెబితే తెలిసింది. ఆయనకు ఏడాదిన్నరగా ఏదీ గుర్తుండటం లేదని. సాయంత్రం అయితే షాపు తీయాలని అమీర్‌పేట పోతారని. షాపు ఉన్న చోట నిలబడతారని, జావా లేచి ఇంటి దారి పడితే దాని వెనకే వస్తారని. కాలనీలో అందరికీ తెలుసు. కూరగాయల అతనికి కూడా తెలుసు. నాకు తెలియదు.

పన్నెండో తారీఖున ఆ పెద్దాసుపత్రిలో ఏం జరిగిందో నీకు పూర్తిగా చెప్పలేదు. పేరు తెలియని రోగులను పెట్టే వార్డులోకి పోయాను. రెండు వరసల మంచాలు. అన్ని ముఖాలూ చూసుకుంటూ పోయి, లేరు అనుకుని వెనక్కి తిరిగి వచ్చేస్తున్నాను. ఆయాగా పనిచేసే చంద్రమ్మ అని ఒకామె ఉరికివచ్చి నా చొక్కా పట్టుకుంది. "సార్, గా పెద్దమనిషి మిమ్మల్నే పిలుస్తుండు. విజయ్ విజయ్ అంటుండు. మీరు ఇననట్టే పోతున్నరు," అన్నది. గడ్డం, ముఖం మీద దెబ్బలు, వాచిన కన్ను. నేను ఆయన మంచం పక్కనుంచే పోయాను. ఆయన పిలుస్తూనే ఉన్నారు.

తన పేరు కూడా చెప్పలేని మనిషి నన్ను గుర్తుపట్టారు.

బేగంపేటలో పాత విమానాశ్రయం గోడ పక్కన మోటారుసైకిలు గుద్దిందని పోలీసులు రాసుకున్నారు. అమీర్‌పేటకు పోవాల్సిన మనిషి పూర్తిగా వేరే దిక్కుకు పోయారు. తుంటి ఎముకకు ఆపరేషను ఆయన గుండె తట్టుకోదన్నారు, ఇంటికి తెచ్చుకున్నాం. ఇదంతా నీకు తెలిసిందే. నాకు తెలియాల్సింది ఒకటే. నవంబరులో మొదటి ఉత్తరంలోనే ఒక్క వాక్యం రాసి ఉంటే, నేను ఆ తీగ పంపేవాణ్ణా? గడియ తీసెయ్ అని రాసేవాణ్ణా? ఎందుకు దాచావు?

విజయేందర్


పంజాగుట్ట,
5 ఫిబ్రవరి 2025

విజయ్,

ఎందుకు దాచానని అడిగావు. వారం నుంచి రాస్తూ చింపుతున్నాను.

నీకు ఆయన అంటే ఏమిటో నాకు తెలుసు. మన ఇంట్లో చదువు ముఖం చూసిన మొదటి మనిషి ఆయనే. నువ్వు ఎక్కడికి పోయినా, "మా బావకు ఒక్కసారి చూస్తే మరిచిపోవడం రాదు" అని చెప్పుకున్నావు. నీ ఉత్తరంలో కూడా అదే రాశావు. అది చదివి వినిపిస్తుంటే ఆయన నవ్వారు, ఎవరి గురించో విన్నట్టు. ఆ మాట నీ దగ్గర ఒక్కచోటైనా అట్లాగే ఉండనీ అనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది, అది నీకు నచ్చదు. నీకు చెబితే మరుసటి బస్సులో దిగుతావు. డాక్టర్ల జాబితా, తలుపులకు తాళాలు, జేబులో అడ్రసు చిట్టీలు. పెద్ద ఇంజనీరువి. ఆయన ఒక యంత్రమై పోతారు. జావాతో పోయి జావాతో వస్తున్నంత కాలం ఆయన షికారుకు పోయివచ్చే పెద్దమనిషే కదా. నేను కూడా అట్లాగే నమ్ముతూ వచ్చాను.

నీ ఉత్తరం వచ్చిన నాడు గడియ తీసేశాను. అది నీ తప్పు అని రాయడం లేదు. గడియ పెట్టడం నాకే చేతకాలేదు, నీ మాట దొరికింది.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాను. లేచి కిటికీలోంచి చూస్తే జావా వాకిట్లో పడుకుని ఉంది. ఇంతకుముందు అది కనపడకపోతే ఆయన బయట ఉన్నారని, కనపడితే ఇంట్లో ఉన్నారని నాకు లెక్క. ఆ లెక్క ప్రకారమే పోయి టీ పెట్టుకున్నాను. బియ్యం ఏరాను. గంటన్నర. వెనక గదిలో ఉన్నారనే అనుకున్నాను విజయ్, లోపలికి పోయి చూడలేదు.

ఇప్పుడు ఆయన మంచం దిగరు. తిండి రెండు చెంచాలు. జావా మంచం కింద ఉంటుంది. చెయ్యి కిందికి వేలాడేసి దాని మడత చెవి పట్టుకుంటారు. నేనెవరో తెలియదు, సిస్టర్ అంటున్నారు. నిన్న, "సిస్టర్, జిరాక్స్ కావాల్నా?" అని అడిగారు. కావాలన్నాను. ఎన్ని కాపీలని అడిగారు. రెండు అన్నాను. సరే అని కళ్ళు మూసుకున్నారు.

స్వరాజ్యం


నిజామాబాదు,
19 మార్చి 2025

అక్కా,

పదకొండో రోజు కార్యం అయ్యాక నిన్ను ఒక్కదాన్నే వదిలి రావడం మాకిద్దరికీ మనసొప్పలేదు. నువ్వే పొమ్మన్నావు. ఇల్లు సర్దుకుని ఇక్కడికి వచ్చేయి. కింద గది ఖాళీగా ఉంది. జావాను కూడా తెచ్చుకో. మాకు నిలువెత్తు ప్రహరీ ఉంది.

ఈ ఉత్తరం అసలు ఇంకో సంగతి కోసం రాస్తున్నాను. నాకు నిద్ర పట్టడం లేదు. బావ పోయిన నాటినుంచి ఒకటే ఆలోచన, ఆ తీగ నేను పంపకపోతే జావా వెంట ఉండేది. నిన్న ఒక పని చేశాను. హైదరాబాదులో నా కింద పనిచేసినవాడు ఒకడు ఉన్నాడు, వాడి చేత మీ వీధి లైను వివరాలు తీయించాను. అక్కా, జనవరి తొమ్మిదిన మధ్యాహ్నం రెండూ నలభై నుంచి అయిదూ పది దాకా మీ వీధికి కరెంటు లేదు. మరమ్మతు కోసం ఆపారు. నువ్వు పడుకుని లేచిన లెక్కన బావ వెళ్ళింది మూడున్నర, నాలుగు మధ్య. ఆ సమయంలో పెట్టెకు ప్రాణం లేదు. తీగలో ఏమీ లేదు. బీప్ లేదు, దెబ్బ లేదు. కంచె లేనట్టే లెక్క. జావా కావాలంటే హాయిగా దాటి వెళ్ళి ఉండేది. అది నిద్రపోతుండగా బావ వెళ్ళిపోయి ఉండాలి. అది మామూలుగా ఎప్పుడైనా జరగగలిగిందే. మన చేతిలో లేనిది.

ఈ మాట నీకు కూడా ఊరటగా ఉంటుందని రాస్తున్నాను. ఆ రోజు కరెంటు లేదని నీకు గుర్తుందా? జాగ్రత్తగా గుర్తు చేసుకుని రాయి.

మా కాలనీలో ఒకాయన అలాంటి కంచె తనకూ కావాలంటున్నాడు. పెట్టుకోమని చెప్పాలా, వద్దని చెప్పాలా, ఇంకా ఏమీ చెప్పలేదు.

నా మీద కోపం ఉంటే రాయి.

విజయేందర్


పంజాగుట్ట,
2 ఏప్రిల్ 2025

విజయ్,

కరెంటు లేదు. గుర్తుంది. ఫ్యాను ఆగిపోయి దోమలకే మెలకువ వచ్చింది. నువ్వు తీయించిన వివరాలు నిజమే.

నీ ఉత్తరం చదివి నేను కూడా ఒక పూట ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంతోషం మీదనే ఉదయలక్ష్మికి చెప్పాను, మా తమ్ముడు లెక్క తీశాడు, ఆ రోజు కంచె లేనట్టేనట అని. ఆమె ముఖం పాలిపోయింది. కొంగు మెలిపెట్టుకుంటూ, "ఆంటీ, నేను మీకో విషయం చెప్పలేదు" అన్నది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నీకు రాయకుండా ఉండవచ్చు. ఇంతకుముందు ఒకటి రాయకుండా ఉంటే ఏమైందో చూశాం.

"ఆ రోజు నేను బాల్కనీలో బట్టలు తీస్తున్నానాంటీ. అంకుల్ మెట్లు దిగారు. జావా తోక ఊపుకుంటూ పక్కనే వచ్చింది. ఆ హద్దు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. అంకుల్ రోడ్డు మీదికి వెళ్ళి, తిరిగి చూసి, రా రా అని పిలిచారు. అది రాలేదు. వెనక్కి వచ్చి ఎత్తుకోబోయారు, ఆయనకు చేతకాలేదు. లాగితే నేలకు అతుక్కుపోయింది, వణుకుతోంది. అప్పుడు ఆయన దాని పక్కన మట్టిలో కూర్చున్నారాంటీ. పది నిమిషాలన్నా కూర్చున్నారు. తర్వాత లేచి, దాని తల నిమిరి, ఏదో చెప్పి, వెళ్ళిపోయారు. ఏం చెప్పారో నాకు వినపడలేదు. నేను పైనుంచి చూసి, అబ్బ, ఎంత బాగా నేర్పారు ఆంటీ అనుకున్నాను. మిమ్మల్ని పిలవాలని తోచలేదు."

చెప్పి ఏడ్చింది. నేను ఏడవలేదు. వచ్చింది, చెప్పింది, అంతే చాలు.

కాబట్టి నీ తీగలో ఏమీ లేదన్నది నిజం. పెట్టె చచ్చి ఉంది. జావాను ఆపింది తీగ కాదు. తాడు పట్టుకుని రోజుకు మూడుసార్లు, పది నిమిషాల చొప్పున, బిస్కెట్ ముక్కలతో నేను నేర్పిన భయం. దానికి కరెంటు అక్కర్లేదు.

బుచ్చయ్యను పిలిపించి తీగ పెరికించేశాను. పట్టీ ఎప్పుడో తీసేశాను. అయినా దానికి ఆ హద్దు ఎక్కడుందో అంగుళం తేడా లేకుండా తెలుసు. పోయిన ఆదివారం నేనూ ఉదయలక్ష్మీ కలిసి దాన్ని ఎత్తుకుని రోడ్డు దాటించాం. దారిలోనే మా చీరల మీద మూత్రం పోసింది. ఆవలి పక్క దించితే పారిపోతుందనుకున్నాను. పోలేదు. తిరిగి ఇంటికీ రాలేదు, హద్దు ఇటునుంచి ఎంతో అటునుంచీ అంతే కదా. పొద్దున తొమ్మిదింటినుంచి ఎండలో ట్రాన్స్‌ఫార్మర్ కింద కూర్చుని మా వాకిలిని చూస్తూ ఉంది. నేను గిన్నెలో పెరుగన్నం కలిపి పిలిచాను. లేచింది, నాలుగడుగులు వేసింది, కూర్చుంది. మధ్యాహ్నం మేమే పోయి మళ్ళీ ఎత్తుకొచ్చాం. పశువుల డాక్టరు చూసి, ఈ భయం కొన్నిటికి నెలల్లో పోతుంది, కొన్నిటికి పోదు, అన్నాడు.

మీ కాలనీ ఆయనకు ఏం చెప్పాలని అడిగావు. తీగ ఎట్లా పాతాలో తర్వాత చెప్పు. ముందు ఆ కుక్క బయటికి ఎందుకు పోతున్నదో అడుగు. నన్ను నువ్వు అడగలేదు. అడిగినా నేను నిజం చెప్పేదాన్ని కాదేమో, అది వేరే సంగతి.

నిజామాబాదు రాలేను. జావా కోసం అని సాకు చెప్పవచ్చు. దాన్ని కారులో వేసుకుని రావచ్చని నువ్వు రాస్తావు. రావచ్చు. నాకే రావాలని లేదు. ఇక్కడ ఏదో మిగిలి ఉందని కాదు, ఏమీ లేదు. ఆయన లేని చోటు ఇదే కాబట్టి ఇక్కడే ఉంటాను.

కోపం ఉంటే రాయమన్నావు. ఉంది. నా మీద ఎక్కువ, నీ మీద తక్కువ. తక్కువే గానీ ఉంది. గడియ తీసెయ్ అని రాసిన ఆ కాగితం అల్మరాలోనే ఉంది. చింపబోయి రెండుసార్లు ఆగాను. నువ్వు తెలియక రాశావని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన పోవడం లేదు. నిన్ను చూస్తే ఏదైనా అంటాను, నీకు వినపడదు, మళ్ళీ గట్టిగా అనాల్సి వస్తుంది. రెండుసార్లు అనే మాట కాదు అది. మృగశిర కార్తె దాటేదాకా రావద్దు. తర్వాత సంగతి తర్వాత.

ఉత్తరాలు మాత్రం మానకు. అనుపమను మెట్లు ఎక్కనివ్వకు.

మీ అక్క,
స్వరాజ్యం